హెవీ లైసెన్సు వచ్చిన కుర్రాడికి లోడు బండి ఎన్నాళ్లకివ్వాలి?

పేట_మామయ్య
మా అక్క కొడుక్కి 22 ఏళ్లు. కిందటి నెల హెవీ లైసెన్సు వచ్చింది, టెస్టు ఖాళీ బండి మీదే. ఒక ఓనరు గుంటూరు–తాడిపత్రి లైనులో 12 టైర్ల లారీకి రమ్మన్నాడు. సీనియర్ డ్రైవరుతో మూడు ట్రిప్పులు, ఆ తర్వాత ఒక్కడే. తిరుగు ట్రిప్పు సిమెంటు లోడు, గిద్దలూరు ఘాట్, అంటే నల్లమల కొండ దారి, దిగాలి. మూడు ట్రిప్పులు చాలతాయా? ఏం నేర్పుతారు వాడికి? లైను మీద ఉన్నవాళ్లు చెప్పండి.

పాత_క్లీనర్
చాలవు. నేను 1994లో క్లీనరుగా ఎక్కా. మొదటి ఏడాది స్టీరింగు ముట్టనివ్వలేదు. పట్టా కప్పడం, తాడు బిగించడం, ఆగినచోటల్లా టైర్లు కొట్టి చూడడం. రాడ్డుతో కొడితే గాలి నిండిన టైరు ఖంగుమంటుంది. జోడు టైర్లలో లోపలిది దిగిపోయుంటే దబ్బుమంటుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, చెవే పట్టుకోవాలి. రెండో ఏడు ధాబా దగ్గర బండి వెనక్కి పెట్టనిచ్చాడు మా గురువు. మూడో ఏడు అర్ధరాత్రి దాటాక, రోడ్డు ఖాళీగా ఉంటే కాసేపు. ఘాట్ నాలుగో ఏడే.

ఆటోనగర్_ఓనర్
నాలుగేళ్లు క్లీనరుగా ఉండేవాడు ఇప్పుడెక్కడ దొరుకుతాడండీ? 2021లో వచ్చిన రూల్సులో గుర్తింపున్న ట్రైనింగ్ సెంటర్లకు హెవీ కోర్సు 38 గంటలు, ఆరు వారాల్లోపు అన్నారు. మూడు ట్రిప్పులంటే రానూపోనూ దాదాపు 2,000 కిలోమీటర్లు. ఎందుకు చాలవు? కుర్రాళ్లకు ముందు నేర్పాల్సింది మైలేజీ. దిగుడులో గేరు తీసి న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుంది. పాత డ్రైవర్లందరూ చేసిన పనే.

పాత_క్లీనర్
సిమెంటు లోడుతో న్యూట్రలా! ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని మాకు చెప్పిన మొదటి పాఠం. గేరులో ఉంటే బండిని ఇంజనే పట్టుకుంటుంది, ఇంజను పొగను ఆపి బండిని నెమ్మది చేసే ఎగ్జాస్ట్ బ్రేకు పనిచేసేదీ అప్పుడే. న్యూట్రల్ చేస్తే బరువంతా బ్రేకు లైనర్ల మీద పడుతుంది. మాటిమాటికీ తొక్కితే బ్రేకులకు గాలిచ్చే ట్యాంకులో గాలి తగ్గిపోతుంది, డ్రమ్ములు కాలి బ్రేకు పట్టదు. ఇక డీజిలంటారా, ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ పోయడమే ఆపేస్తాయి. న్యూట్రల్లోనే తాగేది.

ఆటోనగర్_ఓనర్
ఘాట్లో అనలేదు నేను. చిన్న చిన్న దిగుళ్ల సంగతి.

పాత_క్లీనర్
"దిగుడులో" అని రాశారు, పైన అలాగే ఉంది. చిన్న దిగుడులో అలవాటైన చెయ్యి ఘాట్లో ఊరుకోదు.

కర్నూలు_గ్రీజు
న్యూట్రల్ గొడవ ఆపండి. పగలంతా లోడింగు దగ్గర నిలబెట్టి రాత్రంతా నడపమంటారు, ముందు అది చెప్పండి ఆ కుర్రాడికి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రోజుకు 8 గంటలని రాశారు. లైన్లో ఎవరైనా చూశారా?

రెండేళ్ల_డ్రైవర్
బాబాయ్, మీ గురువు దగ్గర తిన్న దెబ్బలు కూడా రాయండి. నేను ఆరు నెలలు క్లీనరుగా చేశా. బండి వెనక్కి పెట్టేటప్పుడు కేక వెయ్యడం ఆలస్యమైందని స్పానరు విసిరాడు. కనుబొమ్మ మీద మూడు కుట్లు. బ్రేకుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు, అడిగితే "చూసి నేర్చుకో" అనేవాడు. గాలి ఎటునుంచి ఎటు పోతుందో ట్రైనింగ్ సెంటర్లో బోర్డు మీద గీసి చూపించాకే నాకు అర్థమైంది. పాత పద్ధతే గొప్పదంటే నేనొప్పుకోను.

పాత_క్లీనర్
నేనూ తిన్నాను తమ్ముడూ. నీకు అలా జరగడం తప్పే. నేనడిగేది దెబ్బలు కాదు, పక్క సీట్లో తెలిసిన మనిషి ఉండాలని.

ఆటోనగర్_ఓనర్
పక్క సీటు, పక్క సీటు! దానికి బత్తా ఎవరిస్తారు? ఒక కుర్రాణ్ణి ఎనిమిది నెలలు మా డ్రైవరు పక్కన కూర్చోబెట్టా. తిండి, బత్తా, ఇంటికి డబ్బులు, అన్నీ నావే. చెయ్యి తిరగ్గానే నెలకు రెండు వేలెక్కువని ఇంకో బండెక్కాడు. ఫోను కూడా ఎత్తలేదు. కిస్తీ ఆగదు, టోలు ఆగదు, కిరాయి మాత్రం పెరగదు. క్లీనర్లను సరదాకి తీసేశామా మేము?

పాత_క్లీనర్
ఇదీ అసలు సంగతి. మూడు ట్రిప్పులు చాలతాయని కాదు, నాలుగో ట్రిప్పుకు రెండో మనిషిని పెట్టుకోలేరు. అది మొదటే అనుంటే ఇంత గొడవుండేది కాదు. మీ కష్టం నాకు తెలుసు. కానీ మీరు తప్పించుకున్న ఖర్చు ఘాట్లో ఆ కుర్రాడి మీద పడుతుంది, ఎదురొచ్చే బస్సు మీద పడుతుంది. కేసు కూడా వాడి మీదే.

ఆటోనగర్_ఓనర్
నాకూ కొడుకున్నాడండీ. నా బండి కింద ఎవరో పోవాలని నేను కోరుకుంటానా? ఘాట్ వరకైతే ఇద్దర్ని పెడతా, కొన్నాళ్లు. రెండు పూర్తి జీతాలు మాత్రం నా వల్ల కాదు.

రెండేళ్ల_డ్రైవర్
ఆ మాట కుర్రాడికి ముందే చెప్పి, కాగితం మీద రాసుకుంటే వాడు మధ్యలో పోడు సార్. నాకెవరూ రాసివ్వలేదు.

పేట_మామయ్య
ఇదంతా మావాడూ నేనూ కలిసి చదివాం. ఇందాకే మావాణ్ణి రమ్మన్న ఓనరుకు ఫోన్ చేశాం. ఆ మూడు ట్రిప్పుల్లో ఘాట్ దిగేటప్పుడు స్టీరింగు ఎవరి చేతిలో ఉంటుందని అడిగా. "సీనియరే నడుపుతాడు, కుర్రాడు చూస్తాడు" అన్నాడు. అంటే లోడుతో వాడు మొదటిసారి దిగేది పక్కన ఎవరూ లేకుండా! పదిసార్లు సీనియర్ పక్కనుండగా వాడే దించాలి, అందాకా సగం జీతమైనా సరే అన్నాం. రేపు చెబుతానన్నాడు.