50 ఎంఎం నికాన్ లెన్సు: పాత డీ కొనాలా, కొత్త జీ కొనాలా?

కావలి నుంచి కొత్తగా వచ్చిన విద్యార్థి:
అందరికీ నమస్కారం. ఎం.ఎస్. చదవడానికి డాలస్ వచ్చాను. నికాన్ డీ5300 కెమెరా, దాంతో ఇచ్చిన 18-55 లెన్సు ఇంటి నుంచి తెచ్చుకున్నా. రాత్రిపూట అపార్ట్‌మెంటులో తీసినవన్నీ మసకగా, గింజలు గింజలుగా వస్తున్నాయి. వెలుతురు ఎక్కువ లాగే 50 ఎంఎం 1.8 లెన్సు కొందామని చూస్తే సెకండ్‌హ్యాండ్‌లో పాత 1.8డీ, తర్వాతొచ్చిన 1.8జీ రెండూ ఉన్నాయి. డీ బాగా చవక. మా మేనమామ దగ్గర కూడా ఒక డీ ఉంది, సంక్రాంతికి వెళ్లొచ్చే వాళ్లతో తెప్పించుకోవచ్చు. ఏం చేయమంటారు?

ఒంగోలు అన్న:
తమ్ముడూ, నీ కెమెరాకి డీ వద్దు. లెన్సు మంచిది కాక కాదు. డీలో ఫోకస్ మోటారు ఉండదు. కెమెరాలో ఉన్న మోటారే మౌంటు దగ్గరి చిన్న స్క్రూ ద్వారా దాన్ని తిప్పాలి. డీ7000 వరసలోనూ, డీ610, డీ750 లాంటి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) బాడీల్లోనూ ఆ మోటారుంది. డీ3000, డీ5000 వరసల్లో లేదు. నీ డీ5300కి తగిలిస్తే మీటరింగ్ (వెలుతురు కొలవడం) వస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తోనే.

ఎట్టాగో తిప్పుకుంటాలే అనుకోవద్దు. మనిషి మీటరున్నర దూరంలో ఉంటే ఎఫ్ 1.8 దగ్గర (అంటే లెన్సు కన్ను పూర్తిగా తెరిచి; అంకె పెరిగేకొద్దీ మూసుకుంటుంది) నీ సెన్సార్ మీద స్పష్టంగా పడే లోతు ఆరున్నర సెంటీమీటర్లే. కంటికి పెడితే చెవి మసకబారుతుంది. డీ5300 వ్యూఫైండర్ చిన్నది, అందులో ఆ తేడా కంటికి ఆనదు. మెనూలో రేంజ్‌ఫైండర్ ఆన్ చేస్తే ఏ వైపు తిప్పాలో చూపిస్తుంది గానీ, షట్టర్, అపర్చర్ రెండూ చేత్తో పెట్టే ఎం మోడ్‌లో అది పనిచేయదు. కదలకుండా కూర్చున్న మనిషికైతే సరిపోతుంది, పసిపిల్లలకు కాదు.

ఇక లెన్సుల సంగతి. 1.8డీ 2002లో వచ్చింది, ఆరు గాజులు. 1.8జీ 2011లో వచ్చింది, ఏడు గాజులు, వాటిలో ఒకటి ఆస్ఫెరికల్ (వంపు గోళాకారం కానిది). పూర్తిగా తెరిచినప్పుడే ఈ తేడా తెలుస్తుంది. డీలో కాంట్రాస్ట్ తగ్గి, వెలుగు అంచుల చుట్టూ పల్చటి పొర కమ్ముతుంది. 2.8కి మూస్తే చురుగ్గా తయారవుతుంది. 5.6 దగ్గర రెండింటినీ పక్కన పెట్టి చూపిస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. కానీ నువ్వు కొనేది చీకట్లో 1.8 దగ్గర తీయడానికే గదా, అందుకే జీ. రెండింటికీ కన్ను మూసే రేకులు (బ్లేడ్లు) ఏడే అయినా డీలో అంచులు తిన్ననివి. కొంచెం మూయగానే వెనకాల దీపావళి సీరియల్ లైట్లు ఏడు పలకలుగా పడతాయి. జీలో గుండ్రంగానే ఉంటాయి.

నీ 18-55కి 52 ఎంఎం ఫిల్టరుంటే అది డీకి పడుతుంది, జీకి 58 కావాలి.

నెల్లూరు బాబాయ్:
పై మాటలన్నీ సరే. ఒకటి కలుపుతా. నీ సెన్సార్ చిన్నది, దాని మీద 50 అంటే 75 లాగా దగ్గరగా కనిపిస్తుంది. అపార్ట్‌మెంటు హాల్లో గోడకు ఆనుకుని నిలబడినా నలుగురు పట్టరు. ముఖాలే ముఖ్యమైతే 50 తీసుకో. గదిలో అందరూ పడాలంటే 35 ఎంఎం 1.8జీ డీఎక్స్ (నీలాంటి చిన్న సెన్సార్ల కోసం చేసింది) చూడు. నీ బాడీకి అసలైన స్టాండర్డ్ లెన్సు అదే. 30 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లొచ్చు, 50కి 45 వదలాలి.

50లోనే ఇంకా వెడల్పుగా తెరుచుకునే 1.4జీ జోలికి ఇప్పుడే పోవద్దు. 1.8 దగ్గర ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం, పెంచితే గింజలు) 2500 కావలసిన చోట దానికి 1600 చాలు, అంతే. ఫోకస్ ఏమంత వేగం కాదు, బరువు 280 గ్రాములు. 1.8జీ 185 గ్రాములే. నీ 18-55 చివర 5.6 నుంచి 1.8కి వస్తే వెలుతురు తొమ్మిది రెట్లు దాటుతుంది. అసలు లాభం అక్కడుంది, 1.8కి 1.4కి మధ్య కాదు.

కావలి విద్యార్థి:
థ్యాంక్స్ అన్నా, బాబాయ్. మరి మామయ్య లెన్సు వద్దనేయమంటారా? ముందు ముందు మిర్రర్‌లెస్ కొంటే పనికొస్తుందా? ఇంట్లో నాన్నగారి ఎఫ్‌ఎం10 ఫిల్ము కెమెరా కూడా ఉంది.

కందుకూరు అక్క:
మిర్రర్‌లెస్‌కి మారినా డీకి కలిసిరాదు తమ్ముడూ. పాత లెన్సుల్ని వాటికి తగిలించే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ, 2021లో వచ్చిన రెండో దానిలోనూ స్క్రూ మోటారు లేదు. జీ మాత్రం ఆటోఫోకస్‌తో నడుస్తుంది.

ఎఫ్‌ఎం10 ఉందన్నావు కాబట్టి ఆ డీని అక్కడే ఉంచుకోండి. డీకి కన్ను తెరిచి మూసే అపర్చర్ రింగు ఉంది, ఆ కెమెరా మీద నిక్షేపంగా పనిచేస్తుంది. జీకి రింగు లేదు, ఎఫ్‌ఎం10 మీద 16కి మూసుకుపోయే తీస్తుంది.

నాన్నగారిని ముందు దాన్ని పరీక్షించమను. మన కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల తేమకు బీరువాలో పెట్టిన లెన్సుకు బూజు పడుతుంది. రింగు 1.8 మీద పెట్టి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ఏటవాలుగా చూడాలి. సన్నటి వేళ్లలాంటి పోగులు కనబడితే బూజే. పైపైన ఉంటే తుడిపించవచ్చు, కోటింగ్‌ను తినేసి ఉంటే మచ్చ పోదు. తర్వాత రింగు 22కి తిప్పి, వెనకున్న చిన్న లీవర్ లాగి వదలాలి. బ్లేడ్లు టక్కున మూసుకోవాలి. నెమ్మదిగా కదిలితే వాటి మీద నూనె చేరినట్టు, ఫొటోలు తెల్లబోతాయి. ఎప్పుడైనా డిజిటల్ బాడీకి తగిలిస్తే రింగు 22 దగ్గర లాక్ చేయాలి. లేకపోతే తెరమీద ఎఫ్‌ఈఈ అని కొట్టుకుంటుంది, షట్టర్ పడదు.

నువ్వు సెకండ్‌హ్యాండ్ జీ కొనేటప్పుడూ టార్చి పరీక్ష తప్పదు. విడిగా ఉన్నప్పుడు జీ మూసుకునే ఉంటుంది, వెనక లీవర్ నెట్టి పట్టుకుని చూడు. ఫోకస్ చేసేటప్పుడు కీచుమంటే తిరిగిచ్చెయ్. ట్రైపాడ్ మీద పెట్టి 1.8 దగ్గర ఒకే వస్తువును వ్యూఫైండర్‌తో ఒకటి, లైవ్‌వ్యూలో (వెనక తెరమీద చూస్తూ) ఒకటి తియ్. లైవ్‌వ్యూ ఫొటో స్పష్టంగా ఉండి వ్యూఫైండర్‌తో తీసినదాంట్లో ఫోకస్ ప్రతిసారీ ముందుకో వెనక్కో జరిగితే, డీ5300లో దాన్ని సరిచేసే ఫైన్‌ట్యూన్ సెట్టింగ్ లేదు. రిటర్న్ గడువు లోపలే ఇంకో పీసు అడుగు.

ఇంకోటి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, అక్కడ 60. కెమెరా మెనూలో ఫ్లికర్ రిడక్షన్‌ను (లైట్ల మినుకును తగ్గించేది) 60కి మార్చు, అది లైవ్‌వ్యూకీ వీడియోకీ పనిచేస్తుంది. ఫొటోలకు మాత్రం ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీల కింద షట్టర్ 1/60 గానీ 1/125 గానీ పెట్టుకో. 1.8 ఉంది గదా అని 1/500కి పోతే ఫొటోకో రంగు, అడ్డంగా చారలు వస్తాయి. అది లెన్సు లోపమనుకుని తిరిగి పంపేవు.