పాత బుల్లెట్‌కి షెడ్డు పనా, కొన్న సామానా? చేసి చూసినోళ్లు చెప్పండి

గట్టుదారి (సఖినేటిపల్లి)
అందరికీ నమస్కారమండి. మా చిన్నాన్న బుల్లెట్ నా చేతికొచ్చింది. 1998 బండి, పాత కాస్ట్ ఐరన్ ఇంజను, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మూడేళ్లు కొబ్బరి డొక్కల మధ్య కొట్టంలో పడుంది. ఇంజను పని అయిపోయింది, రెండో కిక్కుకి అందుకుంటోంది. రోజూ పంటు (గోదావరి దాటించే పడవ) మీద నరసాపురం, నెలకోసారి రాజమండ్రి తిరగాలి. నలభై వేలు పక్కన పెట్టేను.

ఆన్‌లైన్లో క్రాష్ గార్డు, వెనక క్యారియరు, సైడు పెట్టెల స్టాండ్లు, ఫాగ్ లైట్లు, కోను ఎయిర్ ఫిల్టరు, పొట్టి సైలెన్సరు అన్నీ కలిపి ముప్పై లోపే వచ్చేస్తున్నాయి. బిగించుకోవడమే. మా ఊరి వెల్డింగు కుర్రాడేమో "అన్నా, అవన్నీ రేకు సామాన్లు. నేను కొలతేసి చేసిస్తా. వెనక ఛాసిస్ కోసేసి సింగిల్ సీటు పెట్టేద్దాం" అంటున్నాడు. ఎటు పొమ్మంటారు?

ఆరెక్స్_యానాం
కోసెయ్యన్నా! కొన్న సామాను బిగిస్తే నీ బండీ, ఎదురొచ్చే బండీ ఒకేలా ఉంటాయి. బుల్లెట్ పెట్టుకుని అందరి బండిలా ఉంటే ఎందుకు?

లేత్‌మాస్టారు (పాలకొల్లు)
కొయ్యమని చెప్పడం తేలికే. నేను ముప్పై ఏళ్లు లేత్ మీద నిలబడ్డాను, ఇప్పుడు నడుం ఒప్పుకోక మానేశాను. బాబూ గట్టుదారీ, కోసే ముందు ఆ ఛాసిస్ కింద కూర్చుని ఒకసారి చూడు. ముందు నుంచి ఒకే పైపు దిగి ఇంజను దగ్గర ఆగిపోతుంది. ఇంజను కింద పైపుండదు. ముందు పైపుకీ వెనక ప్లేట్లకీ మధ్య ఇంజనే వంతెన. వెనక గూడులో షాకబ్జర్లు పట్టుకునే చోటుంది చూడు, సీటు బరువు, వెనక మనిషి బరువు, గోతిలో పడ్డ దెబ్బ అన్నీ అక్కడికే వస్తాయి. దానికి ముందు కోస్తే బండి పోయినట్టే. దాని వెనక మిగిలిన తోక కొయ్యచ్చు. అయితే మడ్‌గార్డు, నంబరు ప్లేటు, చీర గార్డు అన్నిటికీ మళ్లీ చోటు వెతకాలి.

అలాంటివి మూడు చేశాను. రెండు ఇప్పటికీ తిరుగుతున్నాయి. మూడోదాని సంగతి చెప్పాలి. కుర్రాడు వెల్డింగు అందంగా వేసుకొచ్చాడు, నేను బుష్షులు తిప్పి ఇచ్చాను. ఆరు నెలలకి అతుకు పక్కన, అతుకు మీద కాదు, సరిగ్గా పక్కన, వెంట్రుకంత గీత కనపడింది. వేడికి పైపు అక్కడ పెళుసైపోయింది. అతుకు లోపల ముక్క పైపు దూర్చి స్లీవు వెయ్యలేదన్నమాట. రంగేసి ఉండబట్టి ఎవడికీ కనపడలేదు. తుప్పు చార బయటికి కారితే అప్పుడు చూశాం. అంచేత మీ ఊరి కుర్రాణ్ణి ఒక్కటే అడుగు: "అతుకు లోపల ఏం పెడతావు?" చెప్పగలిగితే చేయించు. తెల్లమొహం వేస్తే కొన్న సామాను కొనుక్కో.

రొయ్యలచెరువు (భీమవరం దగ్గర)
మాస్టారు చెప్పింది ఛాసిస్ సంగతి. నేను క్యారియర్ సంగతి చెప్తా, నాకు రెండు వైపులా తగిలింది.

నా స్ప్లెండరుకి ముందు కొన్న క్యారియరు బిగించా. మేత బస్తా 25 కిలోలు, రెండేస్తే యాభై. చెరువు గట్ల మీద నాలుగు నెలలు తిరిగేసరికి కాలు అతుకు దగ్గర ఊడి బస్తా గట్టు మీద పడింది. సరేనని షెడ్డులో చేయించా. ఈసారి ఏనుగెక్కినా విరగదు, అంత మందం పైపు. అక్కడే తప్పు చేశాం. రెండు బస్తాలు బాగా పడతాయని క్యారియర్ని వెనక్కి సాగదీశాం. బరువంతా వెనక చక్రం ఇరుసు దాటి వెనక్కి వెళ్లిపోయింది, ముందు చక్రం తేలిపోయింది. గట్టు మలుపులో హ్యాండిల్ తిప్పితే బండి తిరగలేదు. బండీ నేనూ బస్తాలూ కలిసి బోదెలో పడ్డాం. నీళ్లు మోకాల్లోతే కాబట్టి ఇలా రాస్తున్నా. మర్నాడు దాన్నే ఆరంగుళాలు కోసి ముందుకి జరిపించా. అదే ఇప్పటికీ ఉంది.

ఇంకోటి, జీఐ (జింకు పూత) పైపుతో చేస్తే తుప్పు పట్టదని చాలామంది చేయిస్తారు. వెల్డింగు చేసిన చోట జింకు కాలిపోతుంది. సరిగ్గా అక్కడే మొదలవుతుంది తుప్పు. జింకు కాలిన పొగ పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం కూడా వస్తుంది, మా షెడ్డాయనకి వచ్చింది. అతుకుని గీకి జింకు ప్రైమరు కొట్టించండి. మా చెరువుల ఉప్పునీళ్లు బస్తాల మీంచి కారి చైను మీద పడతాయి. చైను ఏడాది రాదు, అది వేరే ఏడుపు.

స్కూటీ_టీచర్ (రావులపాలెం)
నాది చిన్న అనుభవమే. పొట్టిదాన్ని, సీటు మీంచి రెండు కాళ్లూ నేలకి ఆనేవి కావు. ఆన్‌లైన్లో జెల్ కుషను కొన్నాను, సీటు ఇంకాస్త ఎత్తయింది! తర్వాత సోఫాలు కుట్టే ఆయన దగ్గరికి వెళ్తే నన్ను సీటు మీద కూర్చోబెట్టి, సుద్దముక్కతో గీతలు గీసి, స్పాంజి కోసి, కవరు మళ్లీ కుట్టిచ్చారు. తొమ్మిది వందలు. కొన్న సామాను చేసినాయన నన్ను చూడలేదు, ఈయన చూశాడు. అంతే తేడా.

వైరుముక్క (తణుకు)
ఫాగ్ లైట్ల మాట ఎవరూ ఎత్తలేదేంటండీ? గట్టుదారి గారూ, మీ బండి హెడ్‌లైటు పైన చిన్న అమ్మీటరుంది కదా, ఆ ముల్లు చూస్తే నేను చెప్పేది తెలిసిపోతుంది. రాత్రి హెడ్‌లైటేసి నిదానంగా నడుపుతుంటే ముల్లు ఎడమవైపు మైనస్‌లోకి వాలుతుంది. అంటే బ్యాటరీలోంచి తీసి ఖర్చు పెడుతోంది. దానికి 20 వాట్ల ఫాగ్ లైట్లు రెండు తగిలిస్తే ఇంకో 3 ఆంపియర్ల పైమాట. ముల్లు వాలిపోయి అక్కడే పడుకుంటుంది. మీది ప్లాటినం పాయింట్ల బండి, బ్యాటరీ పడిపోతే స్పార్కూ పడిపోతుంది. అంతర్వేది రోడ్డులో రాత్రి పదింటికి తోసుకోవాలి. అందుకే 20 కాదు, 10 వాట్లవి చాలు.

కొన్న లైట్లతో వచ్చే వైరింగు కిట్టు విప్పి చూడండి. పైన లావుగా ఉన్నదంతా ప్లాస్టిక్కే, లోపల నాలుగు పోగులుంటాయి. రిలే (లైట్ల కరెంటు స్విచ్చి మీద పడకుండా తానే మోసే చిన్న డబ్బా) వెయ్యండి, అరవై డెబ్బై రూపాయలు. 30 నంబరు కాలికి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా, 87 లైటుకి, 86 స్విచ్చికి, 85 ఎర్తు. వైరు మీరే కొనుక్కోండి. అతుకుని టేపుతో చుట్టొద్దు, ఈ తేమకి ఏడాదిలో టేపు జిగురై కారిపోతుంది. సోల్డరు పెట్టి హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించండి.

నాకు తగిలిన దెబ్బ కూడా చెప్తా. ఒక షెడ్డులో నా బండికి స్టాండు ముక్క ఆర్కు వెల్డింగు చేయించా. బ్యాటరీ వైరు తియ్యమన్నా. "ఎన్ని చేశాం సార్" అన్నాడు. నిప్పురవ్వ పడింది, రెగ్యులేటరు పోయింది. పద్దెనిమిది వందలు. ఆయన మొహం చూసి నేనే ఏం అనలేకపోయా. బండి మీద ఆర్కు వెల్డింగంటే బ్యాటరీ రెండు కాళ్లూ మీ చేత్తో విప్పాకే మొదలెట్టనివ్వండి.

ఆరెక్స్_యానాం
సైలెన్సరు గురించి నేను చెప్పాలి, కాస్త సిగ్గే అనుకోండి. నా యమహా ఆర్‌ఎక్స్ 100కి కంపెనీ సైలెన్సరు తీసేసి అందంగా ఉందని కొన్నది బిగించా. సౌండు అదిరింది. ఎదుర్లంక వారధి ఎక్కుతుంటే వెనక ఫ్రెండు కూర్చున్నాడు, థర్డ్‌లో లాగే బండి సెకండ్‌కి దిగిపోయింది. టూ స్ట్రోకులో సైలెన్సరు ఇంజనులో భాగమేనంట. లోపలి కడుపు ఆకారం వల్ల పొగ అల వెనక్కి కొట్టి, బయటికి పోబోయే పెట్రోలు గాలిని మళ్లీ సిలిండరులోకి నెడుతుందంట. ఆ కడుపు కొలత మారితే ఆ నెట్టుడు లేదు. పాత సైలెన్సరు పాత ఇనుముకి అమ్మేశా. ఇప్పుడు దాని కోసం తిరుగుతున్నా, ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి.

బుల్లెట్ ఫోర్ స్ట్రోకు కదా, దానికింత ఉండదనుకుంటా?

లేత్‌మాస్టారు
ఇంత ఉండదు తమ్ముడూ, కానీ ఉంటుంది. పొట్టి సైలెన్సరు, కోను ఫిల్టరు రెండూ కలిపి వేస్తే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది. కార్బొరేటరులో మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ముక్క) ఒకటి రెండు సైజులు పెంచి, ఓ పది కిలోమీటర్లు లాగి, ప్లగ్గు విప్పి చూడాలి. గోధుమరంగుంటే సరి. తెల్లగా సుద్దలా ఉంటే పిస్టను కాలుతోంది. నల్లగా మసి పట్టిందా, జెట్ ఎక్కువైనట్టు. పాత బండి కాబట్టి జెట్ మార్చుకునే వీలైనా ఉంది. 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్ 6 బండ్లలో సైలెన్సరు ముట్టుకుంటే సెన్సరుకి తెలిసిపోయి మీటర్లో ఇంజను లైటు వెలగొచ్చు.

అయినా కోతల టైములో మన రోడ్ల మీద ఎగిరే ఊకా, వానల్లో కాలవ పొంగి రోడ్డెక్కే నీళ్లూ తలుచుకుంటే, కోను ఫిల్టరు ఎందుకు పెట్టుకుంటారో నాకు అర్థం కాదు. పాత డబ్బా ఫిల్టరు ఉంచు.

కాగితాలపెట్టె (కాకినాడ)
సరదాగా ఉంది చర్చ, నేను నీళ్లు చల్లుతా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడాదే చట్టం సవరించి 182ఏ సెక్షను తెచ్చారు. అందులో యజమానికి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. సైలెన్సరు మోతకి వేరే సెక్షనుంది. క్యారియరు, క్రాష్ గార్డు ఆర్సీలో రాసే వివరాలు కావు. ఛాసిస్ కోసి సీట్లు రెండు నుంచి ఒకటి చేస్తే అది ఆర్సీ మాటే. రంగు మార్చినా ఆర్సీలో రాయించాలి. గట్టుదారి గారి బండికి పదిహేనేళ్లు 2013లో నిండాయి. ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువలు, అంటే మళ్లీ 2028. బండి తీసుకెళ్లి చూపించాలి. కోసిన తోకతో వెళ్తారా మరి?

ఆరెక్స్_యానాం
కాగితాలు చూస్తే బండి నడపబుద్ధి కాదు.

రొయ్యలచెరువు
నడపబుద్ధి కావాలంటే కాగితాలు ఉండాలి తమ్ముడూ. ఎదుర్లంక వారధి మీద ఆపినప్పుడు తెలుస్తుంది.

గట్టుదారి గారూ, ఒకటి అడగాలి. రోజూ పంటు అన్నారు. సఖినేటిపల్లి పంటు మీద బండ్లు ఎలా పెడతారో మీకు తెలుసు కదా, హ్యాండిలుకి హ్యాండిలు తగిలేలా. సైడు పెట్టెల స్టాండ్లు బిగించి చూడండి, దిగేటప్పుడు పక్కవాడి క్లచ్ లివరు మీ స్టాండులో చిక్కుకుంటుంది. వెడల్పు క్రాష్ గార్డుదీ అదే గొడవ. మా బావమరిది ఒకసారి అలాగే పక్క బండిని కూడా లాక్కుంటూ రేవులోకి దిగాడు.

గట్టుదారి
ఈ పంటు మాట నాకు తట్టనే లేదండి, రోజూ దానిమీదే వెళ్తూ! ఇవాళ సాయంత్రం టేపు పట్టుకుని వెళ్లా. పంటు మీద నా బండికీ పక్క బండికీ మధ్య తొమ్మిదంగుళాలుంది. మధ్యలో ఒకాయన కాలు.

మా కుర్రాణ్ణి "అతుకు లోపల ఏం పెడతావు" అని అడిగా మాస్టారూ. కాసేపు తల గోక్కుని "ఛాసిస్ నేను ముట్టుకోనన్నా, క్యారియరు చేస్తా" అన్నాడు. నిజం చెప్పాడని ముచ్చటేసింది. కాబట్టి ఛాసిస్ కొయ్యట్లేదు, సైడు స్టాండ్లు లేవు, కోను ఫిల్టరు లేదు, సైలెన్సరు పాతదే. క్యారియరు వాడి చేతే, ఇరుసు దాటకుండా. పెట్టె ఒకటి దానిమీద. లైట్లు 10 వాట్లవి కొంటున్నా, వైరింగు నేనే లాగుతా, రిలే తెచ్చేశా. ఇంకోటి, గట్టు మీద బురదలో సైడ్ స్టాండు దిగబడి బండి పడిపోతోందని స్టాండు కాలికి కింద అరచేయంత రేకు అతికించమన్నా. దానికి మాత్రం వాడు డబ్బులు తీసుకోలేదు.

ఖర్చు పన్నెండు వేలు దాటేట్టు లేదు. క్యారియరు బోల్టులు స్టెయిన్‌లెస్‌వి తెచ్చా. స్ప్రింగు వాషరు వెయ్యనా, నైలాకు నట్టా (లోపల నైలాన్ రింగుండేది)?

లేత్‌మాస్టారు
నైలాకు. బోల్టు మరకి (త్రెడ్డుకి) కాస్త గ్రీజు రాయడం మర్చిపోకు, లేకపోతే రెండేళ్ల తర్వాత విప్పడానికి నా దగ్గరికే తెస్తావు.