రక్షిత అరణ్యంలో మోటారు రంపం అడగడం సబబేనా?

సియాటిల్ దగ్గరి ఆల్పైన్ లేక్స్ అరణ్యంలో కాలిబాటలు బాగుచేసే స్వచ్ఛంద బృందంలో పనిచేస్తున్నాను. గాలివానకు బాటకు అడ్డంగా పెద్ద డగ్లస్ ఫర్ చెట్లు పడ్డాయి. 1964 నాటి అరణ్య చట్టం ప్రకారం అక్కడ మోటారు పనిముట్లు నిషిద్ధం. అరణ్య నిర్వహణకు కనీస అవసరమని తేలితేనే మినహాయింపు. ఇద్దరం చెరోవైపు పట్టి లాగే రంపంతో పైనుంచి కోస్తుంటే, రెండు కొసలూ ఆని మధ్యలో వేలాడే దుంగ బరువుకు కోత మూసుకుపోయి రంపం బిగుసుకుపోతోంది. కోత మూసుకోకుండా అందులో చీలలు దిగ్గొట్టినా అంతే.

పని త్వరగా తెములుతుందన్నది మినహాయింపుకు చాలిన కారణం కాదని నా గట్టి అభిప్రాయం. కానీ నడిచేవాళ్లు చెట్లను తప్పించుకుంటూ పక్క మొక్కలను తొక్కి కొత్త దారులు చేస్తున్నారు. నన్ను కలవరపెడుతున్నది అదే. ఆ నష్టాన్నీ, మోటారు మోతనూ ఎలా బేరీజు వేయాలి? అటవీ శాఖకు ఇలాంటి విన్నపం రాసినవారు దయచేసి చెప్పండి. దుంగను కిందినుంచి కోసే పద్ధతి తెలిసినవారు వివరించినా ఎంతో మేలు.