రైడ్ గట్టిగా ఉంటే తప్పు షాకులదేనా?

ఎర్ర హ్యాచ్‌బ్యాక్:
ఆరు నెలలుగా కారు తీయాలంటేనే టెన్షన్‌గా ఉంది. చిన్న గతుకు వచ్చినా దెబ్బ నేరుగా నడుముకి తగులుతోంది, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక నుంచి దబ్బుమని చప్పుడు. బండికి ఏడేళ్లు, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. మెకానిక్ ఒక రౌండ్ కొట్టి వచ్చి నాలుగు షాకులూ (షాక్ అబ్జార్బర్లు) పోయాయి, మార్చేయాలన్నాడు. మా బావేమో షాకులు పోతే బండి ఊగుతుంది కానీ గట్టిపడదు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

షెడ్డు మనిషి:
82 వేలంటే షాకుల పని దాదాపు అయిపోయినట్టే. మార్చేయండి, ఆలోచించే పని లేదు.

టైరు ముందు:
నేను ఒప్పుకోను. బండి బరువు మోసేది స్ప్రింగు, ఆ స్ప్రింగు ఊగకుండా ఆపేది షాకు. అది బలహీనపడితే గతుకు దాటాక బండి రెండు మూడు సార్లు ఊగాలి, మలుపులో ఒరగాలి. మీరు చెప్పేది అది కాదు కదా, ప్రతి చిన్న గతుకూ లోపలికి తెలుస్తోంది అంటున్నారు. అలాంటప్పుడు మొదట చూడాల్సింది టైర్లే. డ్రైవర్ తలుపు తెరిస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో ఉన్నంతే గాలి ఉండాలి, అదీ ఉదయం బండి కదలకముందు చూసుకోవాలి, ఎందుకంటే నడిచి వేడెక్కిన టైర్లో ప్రెషర్ పెరిగి కనిపిస్తుంది. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠ ప్రెషర్, చాలామంది దాన్ని చూసి కొట్టించేస్తారు. తర్వాత టైరు వయసు. టైరు పక్క గోడ మీద ఉండే డాట్ నంబరు (తయారీ కోడ్) చివర 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని, అరుగుదల లేకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడిపోతుంది. రిమ్ములు మార్చారా? 185/65 ఆర్15 టైరు గోడ ఎత్తు 120 మిల్లీమీటర్లు, దాని బదులు 195/55 ఆర్16 వేస్తే 107 మాత్రమే, అంటే కుదుపును మింగే మెత్తదనం అంత మేర పోయినట్టు. ఇంకొకటి, ఎత్తు పెరగాలని స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టిస్తే స్ప్రింగే గట్టిపడుతుంది. ఇవన్నీ చూడకుండా నాలుగు షాకులు కొనిపించడం అన్యాయం.

షెడ్డు మనిషి:
టైర్ల సంగతి సరే. కానీ "షాకు పోతే మెత్తబడుతుంది" అనేది సగం మాటే అన్నా. షాకు ఆపలేనప్పుడు, లేదా స్ప్రింగు కుంగినప్పుడు, సస్పెన్షన్ మొత్తం కిందికి దిగి బంప్ స్టాప్‌కి (చివర్లో దెబ్బ ఆపే రబ్బరు ముక్కకి) గుద్దుకుంటుంది. ఆ దబ్బు అదే. వరసగా చిన్న చిన్న అలల్లా ఉన్న రోడ్డు మీద చక్రం నేలని వదిలి టకటకా కొట్టుకునేది కూడా చచ్చిన షాకు వల్లే. రాడ్డు వంగి షాకు పట్టేస్తే అయితే ఇక రాయే. బానెట్ నొక్కి వదిలి చూసే పరీక్షని మాత్రం నమ్మొద్దు, బాగా పోతే తప్ప అందులో తెలియదు.

టైరు ముందు:
బంప్ స్టాప్ మాట నిజం, నేను దాన్ని వదిలేశాను. అయినా ఏ షాకు పోయిందో తేల్చకుండా నాలుగూ అనడమే నాకు నచ్చనిది. పది కిలోమీటర్లు గతుకుల్లో నడిపి ఆపగానే షాకు బాడీల మీద చేయి పెట్టి చూడండి, పనిచేసేది వెచ్చగా ఉంటుంది, పనిచేయనిది చల్లగా ఉండిపోతుంది (బ్రేకు డిస్కుకి, సైలెన్సర్‌కి చేయి తగలకుండా జాగ్రత్త, కాలుతుంది). చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా ఎడమా కుడీ కొలవండి, తేడా ఉంటే స్ప్రింగు కుంగిందో విరిగిందో చూడాలి.

ఎర్ర హ్యాచ్‌బ్యాక్:
ఇద్దరికీ థాంక్స్. స్టిక్కర్ మీద 32 ఉంటే టైర్లలో 41 ఉంది! తగ్గించాక చిన్న గతుకులు చాలా వరకు తెలియడం లేదు. దబ్బుమనేది మాత్రం అలాగే ఉంది. వెనక ఎడమ షాకు చల్లగా, నూనె కారి తడిగా ఉంది, పైన బంప్ స్టాప్ ముక్కలైపోయింది. ముందు రెండూ వెచ్చగానే ఉన్నాయి, లీకు కూడా లేదు. అంటే వెనక ఒక్కటి మారిస్తే చాలా?

షెడ్డు మనిషి:
ఒక్కటి కాదు, వెనక జత మార్చండి, కొత్తదీ పాతదీ కలిస్తే రెండు వైపులా రెండు రకాలుగా పనిచేస్తుంది. బంప్ స్టాపులూ కొత్తవి వేయించండి. ముందువి ఇప్పుడు అక్కర్లేదు, ఆ మాట నేను తొందరపడి అన్నాను.

టైరు ముందు:
బిగించేటప్పుడు దగ్గరే ఉండండి. బండి లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగానే బుష్‌ల (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు తొడుగుల) బోల్టులు పూర్తిగా బిగిస్తే, కిందికి దించాక ఆ రబ్బరు మెలితిరిగే ఉంటుంది, రైడ్ గట్టిగా వస్తుంది, బుష్ కూడా త్వరగా చిరుగుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు వేయమనండి.