తాటిపూడి అడవి విడిదిలో రెండు రాత్రులు: నాన్నగారి ఇన్సులిన్ ఎలా కాపాడుకోవాలి?

మాది విజయనగరం. సంక్రాంతి తర్వాత అమ్మానాన్నలను తాటిపూడి జలాశయం దగ్గర, కొండల నడుమ విసిరేసినట్టున్న ఒక విడిదికి తీసుకువెళ్దామనుకుంటున్నాను. గోస్తనీ నీళ్లమీద పొగమంచు విడిపోవడం చూడాలని నాన్నగారికి ఎన్నాళ్ల నుంచో కోరిక.

భయమంతా ఆయన ఇన్సులిన్ గురించే. వాడుతున్న సీసాకు గది చల్లదనం చాలు. కానీ అదనంగా తీసుకువెళ్లే కొత్త సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గదిలో ఫ్రిజ్ లేదన్నారు. పోయినసారి వేరే చోట వంటవాళ్లకు ఇస్తే, ఐసు గడ్డల పక్కన పెట్టారు. పొద్దున్నకు మందు గడ్డకట్టింది, పారేశాం.

తడిగుడ్డ చుట్టిన మట్టికుండ రెండు రోజులకు సరిపోతుందా? అక్కడ రాత్రిళ్లు కరెంటు ఉంటుందా, ఫోను అందుతుందా? అర్ధరాత్రి శృంగవరపుకోట ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? అక్కడ బస చేసినవారు దయచేసి చెప్పండి.