ఆనేకల్ దగ్గర అడవి అంచు చేను, దుప్పుల కోసం ట్రైల్ కెమెరా ఎక్కడ కట్టాలి?

రాగిచేను:
అందరికీ నమస్తే. నేను బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటా, ఆనేకల్ దాటాక బన్నేరుఘట్ట నేషనల్ పార్కు అంచున మా మామగారికి రెండెకరాల చేను ఉంది, ఈసారి రాగి వేసి సాళ్ల మధ్య అనప పెట్టాం. రాత్రిపూట చుక్కల దుప్పులు వచ్చి లేత రాగి కొసలు కొరికేసి పోతున్నాయి. తరిమేద్దామని కాదు గానీ అసలు ఎన్ని వస్తున్నాయో ఎటునుంచి వస్తున్నాయో చూడాలని ఒక ట్రైల్ కెమెరా, అంటే ముందు ఏదైనా జంతువు కదిలితే తనంతట తానే ఫోటో కొట్టేది, కొన్నా. చేను మధ్యలో వేపచెట్టుకి ఛాతీ ఎత్తులో తూర్పు ముఖంగా కట్టా, రెండు వారాల తర్వాత కార్డు తీసి చూస్తే 1,900 ఫోటోలు, అన్నీ ఊగే రాగి, పొద్దుటి ఎండ. దుప్పి ఒకే ఒక్క ఫోటోలో ఉంది, అదీ వెనక కాళ్లూ తోకా. ఉత్తరాన ఏనుగులు దాటి రాకుండా పార్కు అంచున తవ్విన కందకం, పడమట చిన్న వంక, దక్షిణాన పక్కవాళ్ల చేను. ఎక్కడ కడితే బాగుంటుందో చెప్పండి ప్లీజ్.

కుంటగట్టు:
అన్నా, చేను మధ్యలో కట్టడం వల్లే ఇదంతా. మేసేచోట అవి ఎటు పడితే అటు తిరుగుతాయి, వచ్చే దారి మాత్రం దాదాపు రోజూ ఒకటే, అది పట్టుకోవాలి. పొద్దున్నే ఎండ వాలుగా పడేటప్పుడు గట్ల వెంట ఒక రౌండ్ వేయండి, ఆ వెలుగులో తడిమట్టి మీద గిట్టల గుర్తులు బాగా కనబడతాయి. దుప్పివైతే రెండు గిట్టలు ముందుకి మొనదేలి ఉంటాయి, వెనక పక్కన ఇంకో రెండు చిన్న గుంటలు కూడా పడి ఉంటే అది అడవిపంది అయి ఉండొచ్చు. పెంటికలు చూడండి, తాజావి నల్లగా మెరుస్తాయి. నాకైతే మీ వంక వచ్చి కందకంలో కలిసే మూల మీదే అనుమానం, వాన నీళ్లకి గట్టు కూలేది ఎక్కువగా అలాంటి చోటే, ఒకసారి కూలి ఏటవాలైతే దుప్పులకి అది తలుపు తీసినట్టే.

ఇక కట్టడం గురించి. ఆ సెన్సర్‌కి బొమ్మ తెలీదు, చుట్టూ ఉన్నదానికీ వస్తువుకీ వేడిలో తేడా ఉండి అది కదిలితే చాలు ఫోటో కొడుతుంది, ఎండకి కాగిన రాగి ఆకు గాలికి ఊగినా దానికి జంతువే. అందుకని ఉత్తరం వైపు తిప్పండి, ముందున్న గడ్డీ కొమ్మలూ కోసేయండి. ఛాతీ ఎత్తు ఎక్కువైపోయింది, పెద్ద మగ దుప్పి కూడా భుజం దగ్గర మూడడుగులు ఉంటుందంతే, కాబట్టి నేలనుంచి రెండున్నర అడుగులు చాలు. దారికి సూటిగా అడ్డం పెడితే మీకొచ్చినట్టు తోకే వస్తుంది, కొంచెం ఏటవాలుగా, దారి మీదకి 45 డిగ్రీల్లో, నాలుగైదు మీటర్ల దూరంలో పెట్టండి. కట్టాక దుప్పి ఎత్తుకి వంగి మీరే ఆ దారిన రెండుసార్లు నడిచి ఫోటో పడిందో లేదో చూసుకోండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

కందకం_ఇవతల:
ఒక్క మాట అండి. కందకం దాటి అవతలి చెట్టుకి మాత్రం కట్టకండి, అది పార్కు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా లోపలికి పోవడమే నేరం. మీ హద్దులో గుంజ పాతి కట్టుకోండి. ఉప్పు గడ్డలూ బెల్లం లాంటి ఎరలు వద్దు, దుప్పుల కోసం పెడితే ఏనుగులు వస్తాయి. గట్టు కూలిన చోట ఏనుగులూ దిగొచ్చు కాబట్టి కార్డు మార్చడానికి మిట్టమధ్యాహ్నమే వెళ్లండి, ఒక్కరే వద్దు. ఫోటోలు పెట్టినా ఏ మూలో ఎవరికీ చెప్పకండి, వేటగాళ్లు కూడా ఇవన్నీ చదువుతారు.

గిండీ_మర్రి:
నేను చెన్నైలో ఐఐటీ క్యాంపస్‌లో చదివా, గిండీ అడవిలోంచి తీసిన జాగా అది, చుక్కల దుప్పులూ కృష్ణజింకలూ హాస్టళ్ల మధ్యే తిరిగేవి. నాలుగేళ్లు చూశా కాబట్టి చెప్తున్నా, దుప్పి నీడలోంచి బయలుకి వచ్చేముందు అంచున చాలాసేపు ఆగుతుంది, అనుమానం వస్తే ముందు కాలు ఎత్తి నేలకి టక్కున కొడుతుంది. ఆ ఆగే చోటు దొరికితే ముఖం కూడా స్పష్టంగా వస్తుంది. ఇంకొకటి, చీకట్లో ఫోటోకి మీ కెమెరా వేసే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు 850 నానోమీటర్లదైతే రాత్రి ఎర్ర చుక్క కనబడుతుంది, కొన్ని బెదురుతాయి. 940ది కనబడదు, కాకపోతే వెలుగు అంత దూరం పోదు, అందుకని దారికి ఇంకాస్త దగ్గరగా కట్టాలి.

రాగిచేను:
పది రోజులు ఆగి రాస్తున్నా, అందరికీ చాలా థ్యాంక్స్. కుంటగట్టు అన్నా, మీరు చెప్పిన మూలే. వంక దగ్గర కందకం గట్టు మూడడుగుల మేర జారి ఉంది, మట్టంతా గిట్టలే. మా హద్దులో గుంజ పాతి ఉత్తరం ముఖంగా కట్టా. ఈసారి 140 ఫోటోలే, కానీ సగానికి పైగా దుప్పులు, ఒక రాత్రి ముళ్లపంది కూడా. తెల్లవారుజామున 4:40కి పడిన ఒకటి పదిసార్లు చూసుంటా: ఆడ దుప్పి జారిన మట్టి మీద ముందు కాలు ఎత్తి ఆగింది, ఒక చెవి కెమెరా వైపు, ఒక చెవి వెనక్కి, పొట్ట కిందనుంచి పిల్ల తొంగిచూస్తోంది. ఒక్కసారికి ఎక్కువలో ఎక్కువ ఏడు కనబడ్డాయి. పక్క చేను పెద్దాయనది తెలుగే, ఫోన్‌లో చూపిస్తే చాలాసేపు చూసి "ఈ తల్లిని పోయిన ఏడు కూడా చూసినా, ఎడమ చెవి కొస చీలుంటాది" అన్నాడు. ఇంటికొచ్చి జూమ్ చేసి చూశా, నిజంగానే చీలి ఉంది.