ఎండ వేడితోనే కమ్యూనికేషన్ బెలూన్‌ని పైకీ కిందికీ నడపొచ్చా?

నింగిచుక్క:
నమస్తే అండీ. ప్రాజెక్ట్ లూన్ (బెలూన్ల నుంచి ఇంటర్నెట్ అందించడానికి గూగుల్ చేపట్టిన ప్రాజెక్టు) గురించి చదువుతున్నాను. 18 నుంచి 25 కి.మీ. మధ్య ఏ ఎత్తులో ఏ దిక్కు గాలి వీస్తుందో చూసుకుని, ఆ ఎత్తుకి చేరి, ఆ గాలితో కొట్టుకుపోవడం వాళ్ల పద్ధతి. ఎత్తు మార్చడానికి పంపుతో గాలిని లోపలికి తోసేవాళ్లు, మళ్లీ వదిలేసేవాళ్లు. పంపు, బ్యాటరీ అన్నీ బరువే కదా! బెలూన్‌కి ఒక పక్క నలుపు, ఇంకో పక్క వెండి రంగు ఉందనుకోండి. నలుపుని ఎండవైపు తిప్పితే పైకి పోతుంది, వెండిని తిప్పితే కిందికి వస్తుంది. ఇలా తిప్పి వేడి మార్చే ఆలోచన గూగుల్ పేటెంట్లలో కూడా కనబడింది. మరి ఎగిరిన బెలూన్లలో పంపే ఎందుకుంది? వేడెక్కితే గ్యాస్ వ్యాకోచిస్తుంది, పైకి పోతుంది, అంతే కదా?

పాతరేడియో:
రాత్రి ఏం చేస్తారండీ? గాలి రాత్రి కూడా వీస్తుందిగా.

బొగ్గుపొడి:
రాత్రి దాకా ఎందుకు, చిక్కంతా పట్టపగలే ఉంది. "వ్యాకోచిస్తుంది" అన్నారు చూశారా, అక్కడే ఆగండి. లూన్‌ది సూపర్‌ప్రెషర్ బెలూన్. బిగిసి ఉన్న సంచి. లోపల గ్యాస్ ఎంత వేడెక్కినా ఘనపరిమాణం పెరగడానికి చోటు లేదు. ఘనపరిమాణం మారలేదు, బరువు మారలేదు, ఇక ఎత్తెందుకు మారుతుంది? పీడనం మాత్రం పెరుగుతుంది. 20 కి.మీ. దగ్గర బయటి పీడనం సుమారు 5,500 పాస్కల్స్, ఉష్ణోగ్రత మైనస్ 56. అక్కడ గ్యాస్ బయటి గాలికంటే 30 డిగ్రీలు వేడెక్కితే లోపల 750 పాస్కల్స్ పైచిలుకు అదనంగా చేరుతుంది. ఆ భారమంతా పాలిథిన్ పొర మీద, దాన్ని పట్టి ఉంచే తాళ్ల మీద పడుతుంది. ఆ బెలూన్లు గుమ్మడికాయలా చాళ్లు చాళ్లుగా ఉండేది అందుకే. పొర ఉబ్బి ఘనపరిమాణం 1 శాతం పెరిగిందనుకున్నా, మీకు దక్కేది 60 మీటర్లు. గాలి దిశ మారాలంటే కిలోమీటర్ల లెక్కలో కదలాలి.

సరే, బిగుతు లేని జీరో ప్రెషర్ బెలూన్ తీసుకుందాం. ఇక్కడ మీరన్నట్టే వ్యాకోచిస్తుంది. 126 కిలోల గాలిని తొలగించి తేలుతున్న బెలూన్ 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 కిలోల అదనపు తోపు వస్తుంది. బాగానే ఉంది కదా? కాదు. పైకి పోయేకొద్దీ బయటి గాలి పల్చబడుతుంది, సంచి అదే నిష్పత్తిలో ఉబ్బుతుంది, ఆ 6 కిలోల తోపు అలాగే ఉండిపోతుంది. ఎక్కేటప్పుడు వ్యాకోచం వల్ల గ్యాస్ కాస్త చల్లబడి వెనక్కి లాగుతుంది గానీ, ఎండ ఆ లోటు భర్తీ చేసేస్తుంది. చివరికి సంచి నిండిపోయి, హీలియం కింది గొట్టంలోంచి బయటికి పోతే తప్ప ఆగదు. సాయంత్రం చల్లబడితే ఇదే తంతు కిందివైపు. అప్పుడు బ్యాలస్ట్ (ఇసుక లాంటి, పారబోయడానికి మోసుకెళ్లే బరువు) వదిలి కాపాడుకోవాలి. నాలుగు రోజులు ఇలా గడిస్తే వదలడానికి బ్యాలస్ట్ ఉండదు.

ఎండతో నిజంగా ఎత్తు మారేది మూతి తెరిచిన వేడిగాలి బెలూన్‌లో. మేం ఎగరేసింది అదే. ఫర్నిచర్ మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ షీట్లని టేపుతో అతికించి, లోపల మెత్తటి బొగ్గుపొడి పోసి, ఇద్దరం చెరో కొస పట్టుకుని దొర్లించాం. పొడి పొర లోపలి గోడకి అంటుకుని బూడిద రంగు పొగలా పరుచుకుంటుంది. నా పేరుకి కారణం కూడా అదే, వేళ్ల గోళ్లలోంచి ఓ పట్టాన వదల్లేదు. వేడెక్కిన గాలి మూతిలోంచి బయటికి పోతుంది కాబట్టి బరువు తగ్గి బెలూన్ లేస్తుంది. ఎంత వేడికి అంత ఎత్తు, అక్కడ నిలకడగా ఆగుతుంది. జీపీఎస్ గ్రాఫు చూస్తే ఒక ఏటవాలు గీత, ఆ తర్వాత బల్లపరుపు, పొద్దు వాలగానే జారుడు. కానీ మోసేదెంత? 20 కి.మీ. దగ్గర 60 డిగ్రీల తేడా ఉన్నా ఘనపు మీటరుకి 20 గ్రాముల లోపే. హీలియమైతే 75 గ్రాముల పైనే మోస్తుంది. టవర్ పని చేసే రేడియోలు, యాంటెన్నాలు దీనికి కట్టలేం.

ఇక మీ నలుపు-వెండి తిప్పుడు. భూమధ్యరేఖ దగ్గర మధ్యాహ్నం సూర్యుడు నెత్తిమీద ఉంటాడు. నిలువు అక్షం మీద ఎంత తిప్పినా రెండు పక్కలకీ సమానంగా ఎండ పడుతుంది. లూన్ 2020లో కెన్యాలో సేవలు మొదలుపెట్టింది, అది సరిగ్గా అలాంటి చోటే.

మిణుగురు:
ఫ్రాన్స్ వాళ్ల అంతరిక్ష సంస్థ సీఎన్‌ఈఎస్ 1977 నుంచి ఎగరేసిన ఇన్‌ఫ్రారెడ్ మాంట్‌గోల్ఫియర్లు (ఒక రకం వేడిగాలి బెలూన్లు) రాత్రి కూడా తేలేవి కదా? పై సగం అల్యూమినియం పూసిన మైలార్ ప్లాస్టిక్, కింది సగం పారదర్శక పాలిథిన్. పగలు ఎండ, రాత్రి భూమి నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ వేడి.

బొగ్గుపొడి:
అవునండీ, నాకు భలే ఇష్టమైన డిజైన్ అది. కానీ ఎత్తు ఎవరి చేతిలో ఉంది? పగలు 25 కి.మీ. పైకి, రాత్రి 20 కి.మీ. చుట్టుపక్కలకి, దాని దారిన అది తిరిగేది. రాత్రిపూట ఎత్తైన దట్టమైన మేఘాల మీదుగా పోతే కిందనుంచి వచ్చే వేడి తగ్గి ఇంకా దిగేది. వాతావరణ పరిశోధనకి అది బంగారం. కింద ఊళ్లకి సిగ్నల్ ఇవ్వాల్సిన బెలూన్‌కి పనికిరాదు.

నింగిచుక్క:
అర్థమైంది. మరి పంపుకి అంత కరెంటు ఎండనుంచే వస్తుందా?

బొగ్గుపొడి:
వస్తుంది, పైగా చవగ్గా. 1,400 ఘనపు మీటర్ల బెలూన్ 20 కి.మీ. నుంచి 1 కి.మీ. దిగాలంటే సుమారు 21 కిలోల గాలిని, అంటే దాదాపు 220 ఘనపు మీటర్లని లోపలికి తోయాలి. 750 పాస్కల్స్ ఎదురొత్తిడికి లెక్క వేస్తే సుమారు 45 వాట్-అవర్లు. పంపు నష్టాలకి మూడు నాలుగు రెట్లు వేసుకోండి. అక్కడ ఎండ చదరపు మీటరుకి 1,360 వాట్లకి కాస్త తక్కువ. 20 శాతం సామర్థ్యమున్న ఒక చదరపు మీటరు ప్యానెల్ గంటలోపే ఆ పని ముగించేస్తుంది. ఎక్కడానికైతే వాల్వు తెరిస్తే చాలు. బ్యాటరీ ఉంది కాబట్టి పాతరేడియో గారి రాత్రి కూడా గడిచిపోతుంది.

మీరే మోడల్ రాసుకుంటానంటే ఒక్క మాట. పొర ఉష్ణోగ్రత, గ్యాస్ ఉష్ణోగ్రత ఒకటే అనుకోకండి. విడివిడిగా రెండు సమీకరణాలు పెట్టండి. కింద మేఘం ఉందా, సముద్రం ఉందా అన్నది కూడా ఇన్‌పుట్‌గా ఇవ్వండి. తెల్లటి మేఘాల మీద పగలు కిందనుంచి తిరిగొచ్చే ఎండ కూడా పొరని బాగానే కాలుస్తుంది.